విరగని మెడ

2003 మే నెలలో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఒక తీర్మానం చేసింది. రోడ్డు ప్రమాదాలు ప్రపంచమంతటినీ పట్టిన సంక్షోభమనీ, దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతనీ దాని సారాంశం. ఆ మాట ఎత్తిన దేశం ఒమన్. అందుకోసం పట్టుబట్టి తిరిగినవారిలో డాక్టర్ వాహిద్ అల్ ఖరూసీ ఒకరు; ఆయన వృత్తి ఎముకల శస్త్రచికిత్స. ఎముకలు అతికే వైద్యుడు దౌత్యం దాకా ఎందుకు వెళ్లాడన్నది ఆ దేశపు రోడ్ల చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి ఒమన్ మొత్తంమీద తారురోడ్డు పట్టుమని పది కిలోమీటర్లు. ఆ తర్వాత ఒక్క తరం గడిచేసరికి ఒంటెలు నడిచిన దారుల్లో కార్లు నూట ఇరవై మీద పరుగెత్తసాగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2010లో ఆ దేశంలో లక్షమందికి ముప్పైమంది రోడ్లమీదే ప్రాణాలు విడిచారు. ఆ రేటు 2016కల్లా 16 దగ్గరికి దిగింది. చిన్న విజయం కాదిది. ఒక దేశం తన చావులను లెక్కపెట్టి, ఆ లెక్కను పదిమందిలో ఒప్పుకుని, తగ్గించుకున్న ఉదాహరణ.

అయితే ఇవి చావుల లెక్కలు. బతికి బయటపడినవారి గాయాల్లో కూడా కంటికి కనబడేవే లెక్కకు ఎక్కుతాయి. ఒంటెను ఢీకొన్న కారునే తీసుకోండి. కారు ముందుభాగం ఒంటె కాళ్లను కొడుతుంది, నాలుగైదు వందల కిలోల దేహం ఎగిరి పైకప్పు మీద పడుతుంది, కప్పు కుంగి లోపలివాళ్ల మెడ ఎముకలు విరుగుతాయి. అరేబియా ద్వీపకల్పపు వైద్య పత్రికల్లో ఈ గాయానికి ప్రత్యేకంగా వ్యాసాలే ఉన్నాయి. విరిగిన ఎముక ఎక్స్‌రేలో తెల్లగా కనబడుతుంది, దాన్ని కాదనేవాడుండడు. ఈ అధ్యాయం మరో మెడ గురించి. మస్కట్‌లో సుల్తాన్ ఖాబూస్ వీధి మీద సిగ్నల్ దగ్గర ఆగివున్న కారును వెనుకనుంచి మరో కారు గుద్దుతుంది. బంపరు సొట్టపోతుంది. రెండు బండ్లవాళ్లూ దిగి, చూసుకుని, ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. ముందు కారులోని మనిషికి మర్నాడు పొద్దున్న మెడ తిరగదు. ఎక్స్‌రే తీస్తే ‘అంతా నార్మల్’ అని రిపోర్టు వస్తుంది. అతను గోదావరి జిల్లాల నుంచో, కడప, నిజామాబాద్‌ల నుంచో వెళ్లిన డ్రైవరయితే ఆ నార్మల్ అన్న మాటే అతని పాలిట తీర్పవుతుంది: పనిలోకి రావాలి. ఆ రిపోర్టు అబద్ధమేమీ చెప్పలేదు. అడిగిన ప్రశ్నకు సరైన జవాబే ఇచ్చింది. తప్పంతా మనం అడిగిన ప్రశ్నలో ఉందన్నది నా వాదన. ఏం విరిగింది అని అడిగాం, మెడ ఎలా పనిచేస్తోంది అని అడగలేదు. ఆ రెండో ప్రశ్న అడగగల స్కానింగ్ పద్ధతులు ఇప్పుడు చేతికొచ్చాయి.

ముందుగా గుద్దుడు జరిగిన క్షణంలోకి వెళదాం. మనిషి తల బరువు నాలుగున్నర, ఐదు కిలోలు. వెనుకనుంచి దెబ్బ తగిలినప్పుడు సీటు వీపును ముందుకు తోస్తుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఫలితంగా మెడ మొదట్లోనే మొత్తంగా వెనక్కి వాలిపోదు. అడుగుభాగం వెనక్కి, పైభాగం ముందుకు వంగి, పాములా మెలికపడుతుంది. 1990ల్లో మృతదేహాల వెన్నుల మీద జరిగిన ప్రయోగాల్లో, ఆ తర్వాత స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషుల మీద అతి తక్కువ వేగంతో జరిపిన ఎక్స్‌రే చిత్రణలో ఈ మెలికే కనబడింది. ఇదంతా సెకనులో పదో వంతుకు అటూఇటూగా ముగుస్తుంది. కండరం ఉలిక్కిపడి బిగుసుకోవడానికి కూడా దాదాపు అంతే సమయం పడుతుంది. అంటే కండరం కాపాడటానికి ఆలస్యంగా వస్తుంది, వచ్చేసరికి సాగిపోతూ ఉంటుంది. సాగుతూనే బిగుసుకోవలసి రావడం కండరానికి అన్నిటికంటే కష్టమైన పని. మెట్లు దిగిన మర్నాడు తొడలు నొప్పిపెట్టేది అందుకే.

ఈ గాయానికి విప్‌లాష్, అంటే కొరడా ఝళిపింపు, అన్న పేరు 1928లో అమెరికాలో హెరాల్డ్ క్రో అనే వైద్యుడు వాడాడు. అది గాయం పేరు కాదు, మెడ కదిలిన తీరు పేరు. తీరు పేరే రోగం పేరుగా స్థిరపడిపోయినందుకు ఆయనే తర్వాత విచారించాడు. 1995లో కెనడాలోని క్విబెక్‌లో ఒక నిపుణుల సంఘం దీన్ని తరగతులుగా విడదీసింది. నొప్పి మాత్రమే ఉంటే ఒకటి, మెడ తిరగకపోవడం వంటి గుర్తులు కూడా ఉంటే రెండు, నరాల లక్షణాలు తోడైతే మూడు, ఎముక విరిగినా కీలు తప్పినా నాలుగు. మామూలు ఎక్స్‌రే తేల్చి చెప్పగలిగేది ఈ నాలుగో తరగతినే. బాధితుల్లో ఎక్కువమంది మొదటి రెండు తరగతులవాళ్లు. వీళ్లందరికీ నొప్పి వారాల్లో పోతే ఈ అధ్యాయం రాయనక్కరలేదు. కానీ 2000–2010ని ఎముకలు, కీళ్ల దశాబ్దంగా పాటించిన అంతర్జాతీయ ఉద్యమం తరఫున మెడనొప్పి మీద పరిశోధనలన్నిటినీ జల్లెడపట్టిన నిపుణుల బృందం 2008లో తేల్చిందేమంటే, బాధితుల్లో సుమారు సగంమంది ఏడాది తర్వాత కూడా మెడనొప్పి ఉందంటున్నారు.

ఎక్స్‌రేకు దొరకనిది మరింత శక్తిమంతమైన ఎమ్మారైకి దొరుకుతుందని ఆశపడటం సహజం. ఆ ఆశ ఒకసారి దారి తప్పించింది కూడా. ఈ శతాబ్దం మొదట్లో నార్వే పరిశోధకులు పుర్రెను మెడకు కట్టివుంచే అలార్ స్నాయువుల్లో మార్పులు చూశామన్నారు. రహస్యం దొరికిందనిపించింది. తర్వాత ఇతరులు పోల్చి చూస్తే అవే మార్పులు ఏ ప్రమాదమూ జరగనివాళ్లలోనూ కనిపించాయి. అంతకుముందే, 1998లో, జపాన్‌లో మత్సుమోతో బృందం మెడనొప్పి లేని 497 మందికి ఎమ్మారై తీసి చూసింది: అరవై దాటినవాళ్లలో ఎనభై ఐదు శాతం పైగా డిస్కులు అరిగివున్నాయి. చొక్కా ముడతల్లాంటివే ఆ అరుగుదలలు, తొడుక్కుంటే పడతాయి. ప్రమాదం తర్వాత స్కానింగ్ తీసి ‘డిస్కు అరిగింది’ అని చెప్పడం రోగికి భయం, లాయరుకు పని పెంచుతుందే తప్ప నొప్పికి కారణం చెప్పినట్టు కాదు. కదలకుండా పడుకున్న మెడను ఎంత స్పష్టంగా ఫోటో తీసినా, కదిలేటప్పుడు అది ఏం చేస్తుందో ఆ ఫోటో చెప్పదు.

మెడ వెనుక చేయి వేసి చూసుకుంటే తగిలేది పై పొర, ట్రపీజియస్. దాని కింద స్ప్లీనియస్, ఆ కింద తలను నిలబెట్టే సెమీస్పైనాలిస్, దాని కిందే మెడ పూసలను పట్టుకున్న మరో సెమీస్పైనాలిస్, అట్టడుగున పూసలకు అతుక్కుని చిన్న చిన్న పాయలుగా మల్టిఫిడస్. పై కండరాలు బరువులెత్తే కూలీలయితే, లోపలివి తాపీమేస్త్రీ చేతిలోని తూకపుగుండు లాంటివి. ఏ పూస ఎటు జరుగుతోందో కనిపెట్టి సర్దుతుంటాయి. పుర్రె అడుగున ఉన్న బుల్లి కండరాల్లో సాగుదలను పసిగట్టే గ్రాహకాలు శరీరంలో మరెక్కడా లేనంత కిక్కిరిసి ఉంటాయి. మెడ దెబ్బ తిన్నవాళ్లు తల తిరుగుతోందనీ, చూపు నిలవడం లేదనీ అంటే అది నటన అనుకోకూడదు అనడానికి ఈ ఒక్క శరీరనిర్మాణ సత్యం చాలు. చిక్కేమంటే ఈ లోపలి కండరాల పని వినడం కష్టం. చర్మం మీద అంటించే ఎలక్ట్రోడుకు పై పొర అరుపులే వినిపిస్తాయి. మెడ ముందువైపు లోతున ఉన్న కండరాల విద్యుత్తును పట్టడానికి ఆస్ట్రేలియాలో డెబొరా ఫల్లా, గ్వెన్ జల్ తదితరులు ముక్కులోంచి గొంతు వెనుక గోడదాకా ఎలక్ట్రోడు దింపారు. మెడనొప్పి ఉన్నవాళ్లలో లోపలి కండరాలు తగ్గించుకున్న పనిని పై కండరాలు ఎక్కువగా మోస్తున్నాయని తేలింది. విలువైన ఫలితం, కానీ రోజుకు నలభైమందిని చూసే క్లినిక్కులో ఎవరు ఎవరి ముక్కులోంచి తీగ దించుతారు?

ఇక్కడే చిత్రణ అక్కరకొచ్చింది, రెండు దారుల్లో. మొదటిది ఎమ్మారై. పని చేసిన కండరంలో నీటి కదలిక మారుతుంది, ఆ మార్పు వల్ల చిత్రంలో దాని మెరుపు పెరుగుతుంది. వ్యాయామానికి ముందొకటి, వెంటనే తర్వాతొకటి తీసి పోలిస్తే ఏ పొర పనిచేసిందో తెలుస్తుంది. అదే యంత్రం కండరంలో కొవ్వు ఎంత చేరిందో కూడా చూపిస్తుంది. జేమ్స్ ఎలియట్ అనే ఫిజియోథెరపిస్టు తన బృందంతో 2006లో ప్రచురించిన అధ్యయనంలో, దీర్ఘకాలంగా బాధపడుతున్న 79 మంది విప్‌లాష్ స్త్రీల మెడ కండరాల్లో, ముఖ్యంగా లోపలి పొరల్లో, బాధ లేని 34 మందికంటే కొవ్వు బాగా ఎక్కువగా కనబడింది. మరో రెండేళ్లకు అదే బృందం, ప్రమాదమేదీ లేకుండా క్రమంగా మెడనొప్పి వచ్చిన స్త్రీలను చూస్తే వాళ్లలో అంత కొవ్వు లేదు. 2011లో అసలు ప్రశ్నకు వచ్చారు: ఈ కొవ్వు ఎప్పుడు చేరుతుంది? 44 మందిని ప్రమాదమైన నాలుగు వారాల్లోపు, మూడు నెలలకు, ఆరు నెలలకు స్కాన్ చేశారు. మొదటి స్కానులో అందరి మెడలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. కోలుకున్నవాళ్లవి అలాగే ఉండిపోయాయి; మధ్యస్థంగా, తీవ్రంగా బాధపడుతున్నవాళ్ల కండరాల్లోనే కొవ్వు మూడు నెలలకు కనబడి, ఆరు నెలలకు పెరిగింది.

రెండో దారి అల్ట్రాసౌండ్. నా దృష్టిలో ఒమన్‌కు దగ్గరి దారి ఇదే. గర్భిణులకు చేసే అదే యంత్రాన్ని మెడమీద ఆనిస్తే కండరం పొరలు పొరలుగా, మధ్యలో తెల్లటి గీతలతో, అరటిదూటను నిలువుగా చీల్చినట్టు కనబడుతుంది. ప్రతి పొరలోనూ బూడిదరంగు చుక్కల నేత ఒకటుంటుంది. చిత్రంలో అది మచ్చలా అనిపిస్తుంది గాని, కండరంలో ఒక్కో చోటికీ దాని చుక్కల అమరిక వేలిముద్రలా దానిదే. కదలికను వీడియోగా తీసి, ఆ వేలిముద్ర ఒక ఫ్రేమునుంచి మరో ఫ్రేముకు ఎటు జరిగిందో కంప్యూటర్ చేత వెంబడింపజేస్తే, కండరంలో ఆ చోటు ఎంత సాగింది, ఎంత కుంచించుకుంది, ఎంత వేగంగా అన్నది అంకెల్లో వస్తుంది. గుండె వైద్యులు గుండెగోడ కోసం వాడుతున్న పద్ధతిని స్వీడన్‌లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయంలో అన్నెలీ పియోల్సన్, గున్నెల్ పీటర్సన్ తదితరులు మెడకు పట్టుకొచ్చారు. రోగిని కుర్చీలో కూర్చోబెట్టి చెయ్యి ఎత్తమంటారు. ఆరోగ్యంగా ఉన్న మెడలో పొరలు ఒకదానితో ఒకటి ఒక లెక్కప్రకారం కలిసి కదులుతాయి. విప్‌లాష్ బాధితుల మెడల్లో ఆ పొందిక వేరుగా ఉందని వాళ్లు చూపించారు. సూది లేదు, రేడియేషన్ లేదు, సొరంగంలో పడుకోవడం లేదు. చెయ్యి పైకెత్తడం లాంటి, డ్రైవరో వంటమనిషో మేస్త్రీయో రోజుకు వందసార్లు చేసే పనిలోనే మెడను పట్టుకుని చూడటం.

ఇంతదాకా వచ్చాక అనుమానాలు లేవనెత్తేవాళ్లకు జవాబు చెప్పాలి. అందులో మొదటిది, అసలీ నొప్పి బీమా డబ్బు కోసం పుట్టింది కాదా అన్నది. దీనికి బలమైన ఆధారాలే చూపిస్తారు. 1996లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లిథువేనియా అధ్యయనం, బీమా పరిహారం సంగతే తెలియని ఆ దేశంలో వెనుకనుంచి గుద్దించుకున్న 202 మందికీ, ప్రమాదమే లేని వాళ్లకూ ఏడాది నుంచి మూడేళ్ల తర్వాత మెడనొప్పిలో తేడా లేదంది. కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రం 1995లో, బాధకు నష్టపరిహారం కోరే వ్యవస్థను తీసేసి, తప్పెవరిదైనా వైద్యఖర్చు ఇచ్చే పద్ధతి పెట్టగానే, ఆరు నెలలకు లక్షమందిలో 417గా ఉన్న క్లెయిములు 302కు పడిపోయాయి. ఈ సాక్ష్యాలను తోసిపుచ్చను. నొప్పి చుట్టూ ఉన్న చట్టం, భయం, ఆశ, అన్నీ నొప్పిని పెంచుతాయి, తగ్గిస్తాయి. కానీ లిథువేనియా లెక్కలో ప్రమాదం జరిగిన రోజుల్లో మెడ నొప్పెట్టినవాళ్లే చాలా కొద్దిమంది. గాయపడనివాళ్లను ఎక్కువగా కలుపుకుంటే గాయం ప్రభావం పలచబడుతుంది. క్లెయిము తగ్గడం, నొప్పి తగ్గడం ఒకటే కూడా కావు. పైగా పరిహారపు ఆశ మనిషి మాటను మార్చవచ్చునేమో గాని, మల్టిఫిడస్‌లో ఆరు నెలల్లో కొవ్వు ఎలా చేర్చగలదు? ఒమన్‌లో ఈ అనుమానం ఇంకా బలహీనపడుతుంది. 2020 జనగణన నాటికి ఆ దేశ జనాభాలో దాదాపు 39 శాతం విదేశీయులు. వాళ్లలో ఎక్కువమందికి మెడ నొప్పెట్టడంలో లాభమేమీ లేదు, నష్టమే ఉంది: సిక్ లీవు పెరిగితే అర్బాబ్, అంటే యజమాని, ముఖం మారుతుంది, వీసా గురించి గుబులు మొదలవుతుంది. అక్కడ జరిగేది నొప్పిని పెంచి చెప్పడం కన్నా దాచుకోవడమే అని ఊహించడానికే కారణాలు ఎక్కువ.

రెండో అభ్యంతరం శాస్త్రీయమైనది, నేను ఎక్కువ గౌరవించేది కూడా. మెడ కదపకుండా, కాలర్ వేసుకుని కూర్చుంటే ఏ కండరమైనా పాడవుతుంది. కొవ్వు గాయానికి గుర్తు కాదు, వాడకపోవడానికి గుర్తు కావచ్చు. వయసు, లావు, స్త్రీపురుష భేదం, అన్నీ ఆ అంకెను మారుస్తాయి. జపాన్‌లో మత్సుమోతో బృందమే విప్‌లాష్ బాధితులను పదేళ్ల తర్వాత మళ్లీ స్కాన్ చేసి, మెడ వెనుక కండరాల పరిమాణంలో ఆరోగ్యవంతులతో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదంది. ఇవన్నీ నిజమే. అందుకే ఏ ఒక్క స్కానునూ పట్టుకుని ‘ఇతనికి విప్‌లాష్ ఉంది’ అనిగాని, ‘ఇతను అబద్ధమాడుతున్నాడు’ అనిగాని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఈ చిత్రాలు కోర్టులో ప్రమాణం చేయించే సాక్షులుగా మారితే అలార్ స్నాయువుల కథే మళ్లీ జరుగుతుంది. కొవ్వుకు కారణం వాడకపోవడమే అనుకున్నా నా వాదనకు నష్టం లేదు. వాడని కండరాన్ని మళ్లీ వాడించవచ్చు కదా! విరిగిన ఎముకను వెతికేవాడికి కారణం ముఖ్యం. మెడను పనిలో పెట్టదలచినవాడికి ఇప్పుడు ఏ పొర నిద్రపోతోందన్నది ముఖ్యం.

సరే, నిద్రలేపితే ఏమవుతుందన్నది మూడో ప్రశ్న. 2014లో ఆస్ట్రేలియాలో 172 మంది దీర్ఘకాలిక విప్‌లాష్ బాధితుల మీద జరిగిన పరీక్షలో, ఇరవై విడతల సమగ్ర వ్యాయామం ఇచ్చినా, ఒక్కసారి కూర్చోబెట్టి సలహా చెప్పి పంపినా నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది. స్వీడన్‌లో 216 మంది మీద జరిగిన పరీక్షలో మాత్రం, మామూలుగా నడవండి, కదలండి అని చీటీ రాసి పంపినవాళ్ల కంటే, మెడ లోపలి కండరాలకే ప్రత్యేకంగా వ్యాయామం చేయించినవాళ్లు రోజువారీ పనుల్లో మెరుగయ్యారు. అలాంటి వ్యాయామం తర్వాత కండరాల కదలికలోనూ మార్పు అల్ట్రాసౌండులో కనబడింది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే నాకు కనబడేది పరస్పర విరోధం కాదు. అందరికీ ఒకే మందు ఇచ్చి సగటు తీస్తే, పనికొచ్చినవాళ్లూ పనికిరానివాళ్లూ ఆ సగటులో కలిసిపోతారు. ఎవరి మెడలో పొరల పొందిక చెడిందో ముందే చూసి, వాళ్లకే ఆ వ్యాయామం ఇస్తే ఫలితం వేరుగా ఉండవచ్చు. ఇది ఇంకా రుజువు కాని మాట. కానీ రుజువు చేయగల మాట. చిత్రణకు సరైన ఉద్యోగం ఇదేనని నేననుకుంటున్నాను.

ఆ రుజువు కోసం ఒమన్ ఎందుకు? రోడ్డు గాయాలను జాతీయ సమస్యగా చూసే అలవాటు అక్కడ ఇప్పటికే ఉంది. మస్కట్‌లో ఖౌలా ఆసుపత్రి ప్రమాద గాయాలకు పెద్దదిక్కు, సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయానికి వైద్య కళాశాలా, రోడ్డు ప్రమాదాల మీద ఎన్నో వ్యాసాలు వేసిన సొంత వైద్య పత్రికా ఉన్నాయి. ఎమ్మారై పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంటుంది. దేశం మధ్యలోని అల్ వుస్తా ఎడారి నుంచి ఒక మెడకోసం వందల కిలోమీటర్లు రావడం అయ్యేపని కాదు. అల్ట్రాసౌండ్ యంత్రాన్ని రోగి దగ్గరికే తీసుకెళ్లవచ్చు. అది పట్టుకున్నవాడి చేతివాటం మీద ఆధారపడుతుందన్న ఫిర్యాదు న్యాయమైనదే. యంత్రాన్ని ఎక్కడ ఆనించాలి, చెయ్యి ఎంత ఎత్తించాలి అన్నది రాసిపెట్టుకుని అందరూ ఒకేలా చేస్తే ఆ లోపం చాలావరకు అదుపులోకి వస్తుంది. చుక్కలను వెంబడించే పని ఎలాగూ కంప్యూటర్‌దే.

అయితే రోగుల కంటే ముందు కొలవవలసినవాళ్లు వేరే ఉన్నారు. ఇంతవరకు మన చేతిలో ఉన్న అంకెల్లో ఎక్కువభాగం స్వీడన్, ఆస్ట్రేలియా మనుషులవి, అందులోనూ ఎలియట్ మొదటి అధ్యయనంలాంటి వాటిలో అంతా స్త్రీలే. ఎండలో ఇనుప చువ్వలు భుజాన మోసే ముప్పై ఏళ్ల తెలంగాణ యువకుడి మెడ, పన్నెండు గంటలు ట్యాంకరు నడిపే బలూచీ డ్రైవరు మెడ, ఆఫీసు కుర్చీలో కంప్యూటర్ ముందు కూర్చునే మస్కట్ ఉద్యోగిని మెడ, నొప్పి లేనప్పుడు ఎలా కదులుతాయో ముందు రాసిపెట్టుకోవాలి. నిజ్వా దారిలో లారీలు ఆగే పెట్రోలు బంకు పక్కన ఒక గది, ఒక కుర్చీ, ఒక యంత్రం చాలు: డ్రైవరు వచ్చి కూర్చుంటాడు, మెడమీద చల్లటి జెల్ రాస్తారు, చెయ్యి ఎత్తమంటారు, తెరమీద ఐదు పొరలు కదులుతాయి, అంకెలు నమోదవుతాయి, అతను టీ తాగి వెళ్లిపోతాడు.